మూడేసి సంఖ్యల పరిక్రియపై మక్కువ: పరిశోధనా, కోడింగా?

ప్రశ్న: బీఎస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మూడు సంఖ్యలను ఒకేసారి తీసుకునే పరిక్రియకు సహచర ధర్మం (బ్రాకెట్లు ఎక్కడ పెట్టినా జవాబు మారకపోవడం) ఎలా ఉంటుందో ఆలోచిస్తూ కొంత రాసి పంపుతున్నాను. దీనిమీదే పరిశోధన చేయాలని ఉంది. నాన్నగారు మాత్రం కోడింగ్ నేర్చుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు రాసిన [[క ఖ గ] ఘ చ] = [క ఖ [గ ఘ చ]] అన్న నియమం సగమే అయింది ([క ఖ గ] అంటే ఆ మూడింటిపై పరిక్రియ చేస్తే వచ్చే ఫలితం). బ్రాకెట్ నడుమ పడే [క [ఖ గ ఘ] చ] కూడా వీటికి సమానం కావాలి. విలోమం (ఇన్వర్స్) ఉన్న 2×2 మాత్రికలు తీసుకుని, మధ్యదానికి విలోమం పెట్టి మూడింటినీ వరుసగా గుణించడమే పరిక్రియ అనుకోండి. విప్పి చూస్తే మీరు రాసిన రెండు రూపాలూ కలుస్తాయి కానీ, విలోమం తీసుకోగానే ఖ, గ, ఘల వరుస తిరగబడుతుంది కనుక నడిమి రూపం వాటితో కలవదు. ఈ లెక్క ఒకసారి చేత్తో చేయండి.

ఈ దారి కొత్తది కాదు. మూడు రూపాలూ సమానమయ్యే మూడేసి పరిక్రియల సమూహాలను (గ్రూపులను) జర్మన్ గణితవేత్త డోర్న్‌టె 1920ల చివర్లోనే నిర్వచించారు. అలాంటి ప్రతి సమూహమూ ఏదో ఒక మామూలు సమూహంలో, అంటే రెండేసి పరిక్రియ ఉన్న గ్రూపులో, సహసమితిగా (కోసెట్‌గా, అంటే ఉపసమూహంలోని ప్రతిదానికీ ఒకే మూలకాన్ని కలపగా వచ్చే సమితిగా) ఇమిడిపోతుందని అమెరికన్ గణితవేత్త ఎమిల్ పోస్ట్ 1940లో నిరూపించారు. బేసి సంఖ్యలను రెండేసి కూడితే సరి సంఖ్య వస్తుంది, మూడేసి కూడితే మళ్లీ బేసి సంఖ్యే వస్తుంది. ఆ బేసి సంఖ్యలు పూర్ణాంకాల సమూహంలో సరి సంఖ్యల సహసమితి. కాబట్టి మామూలు సమూహ సిద్ధాంతం గట్టిగా రాకుండా మూడేసి పరిక్రియల జోలికి వెళ్లడం తొందరపాటని నా అభిప్రాయం. పీహెచ్‌డీ అంశాన్ని ఇప్పుడే ఖాయం చేసుకోవద్దు. ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం జామ్ ప్రవేశ పరీక్షకు, వీలైతే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షకు కూడా సిద్ధం కండి. ఆ చదువులో సమూహాలు ఎలాగూ లోతుగా వస్తాయి.

ఇక కోడింగ్ దీనికి అడ్డేమీ కాదు. పెద్ద జాబితాను ముక్కలు చేసి, వేర్వేరు ప్రాసెసర్లకు పంచి, వచ్చిన ఫలితాలను అదే వరుసలో కలిపితే ఎప్పుడూ ఒకే జవాబు వస్తుందన్న భరోసా సహచర ధర్మం వల్లే దొరుకుతుంది. కంప్యూటర్‌లో దశాంశాల కూడికకు మాత్రం ఆ ధర్మం పూర్తిగా వర్తించదు. పైథాన్‌లో 0.1, 0.2 ముందు కూడి 0.3 చేరిస్తే 0.6000000000000001 వస్తుంది, 0.2, 0.3 ముందు కూడి 0.1కి చేరిస్తే 0.6 వస్తుంది. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ రెండు వరుసలూ నడిపి చూపించండి.