కోయకుండానే మామిడి కాయ ముదురు తెలిపే కాంతి మీటర్లు

ప్రశ్న: మాకు ఐదెకరాల తోతాపురి, రెండెకరాల బేనీషా (బంగినపల్లి) తోట ఉంది. ర్యాంపు (కాయలు కొనే కేంద్రం) వద్ద నాలుగు కాయలు కోసి చూసి, ముదరలేదంటూ లోడు మొత్తానికి ధర తగ్గిస్తున్నారు. కాయకు ఆనించగానే తీపి ఎంతో చూపే కాంతి మీటర్లు వచ్చాయంటున్నారు. వాటిని నమ్మవచ్చా? కొనుక్కోవచ్చా?
– ఒక రైతు, బంగారుపాళ్యం, చిత్తూరు జిల్లా

జవాబు: పద్ధతి నమ్మదగినదే. అయితే పచ్చి కాయలో చూడవలసింది తీపిని కాదు, పొడి పదార్థం శాతాన్ని. మామిడి కాయ చెట్టు మీద ఉన్నంతకాలం ఆహారాన్ని ఎక్కువగా పిండి రూపంలో నిల్వ చేసుకుంటుంది. మాగేటప్పుడే ఆ పిండి చక్కెరగా మారుతుంది. అందువల్ల చక్కగా ముదిరిన కాయలో సైతం కోత రోజున బ్రిక్స్ (తీపి కొలత) తక్కువగానే కనిపిస్తుంది. నీరంతా పోగా గుజ్జులో మిగిలే ఈ పొడి పదార్థం ఎంత ఎక్కువగా ఉంటే, మాగిన పండు అంత తీయగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో మామిడి రైతులు కోత సమయాన్ని నిర్ణయించుకోవడానికి ఈ కొలతనే వాడుతున్నారు.

ఈ మీటర్లు చాలా వరకు 700 నుంచి 1,100 నానోమీటర్ల పరిధిలోని సమీప పరారుణ కాంతిని తొక్క గుండా గుజ్జులోకి పంపుతాయి. నీరు 970 నానోమీటర్ల ప్రాంతంలో ఈ కాంతిని బాగా పీల్చుకుంటుంది. బయటికి తిరిగి వచ్చిన కాంతిలో ఏ భాగం ఎంత తగ్గిందో చూసి, లోపల పొడి పదార్థం ఎంత ఉందో మీటరు లెక్కగడుతుంది. అంటే అది తూచి చెప్పడం లేదు, అంచనా వేసి చెబుతున్నది. ఆ లెక్కను బేనీషా కాయలతో సరిచేసి ఉంటే, తొక్క మందంగా ఉండే తోతాపురి మీద అది తప్పు అంకె చూపవచ్చు. ఒకే రకంలో కూడా తోటను బట్టి, ఏడాదిని బట్టి తేడా వస్తుంది. కాబట్టి అమ్మేవారిని మొదట అడగవలసింది ధర కాదు, మన తోతాపురితో సరిచూశారా అన్నది.

మీరే సరిచూసుకోవచ్చు. లేతవి, ముదిరినవి కలిపి ఇరవై ముప్పై కాయలు తీసుకొని, మీటరు ఆనించిన చోట గుర్తు పెట్టండి. అక్కడ తొక్క తీసి, సెంటీమీటరు లోతు వరకు గుజ్జును కోసి తూచండి. దానిని 65 డిగ్రీల ఓవెన్‌లో, బరువు తగ్గడం ఆగేవరకు, అంటే సుమారు రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ తూచండి. 20 గ్రాముల గుజ్జు 3.4 గ్రాములుగా మిగిలితే పొడి పదార్థం 17 శాతం. మీటరు అంకెలు దీనికి దగ్గరగా వస్తేనే దానిని తోటలోకి తీసుకువెళ్లండి. కొలిచేటప్పుడు సొన, దుమ్ము తుడిచి, నీడలో, కాయ రెండు బుగ్గల మీదా చూసి సగటు తీసుకోవాలి. ఎండలో కాగిన కాయ మీద లెక్క తప్పుతుంది.

ఈ కాంతి కాయలోకి మహా అయితే సెంటీమీటరు దాకా చదవగలదు. అందువల్ల టెంక పురుగు ఉన్నదీ లేనిదీ ఇది చెప్పలేదు. దానికి ఎక్స్‌రే వంటి పద్ధతి కావాలి. ఫోన్ కెమెరాతో తీపి చెబుతామనే యాప్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే మామూలు కెమెరా చూసేది తొక్క రంగునూ మచ్చలనూ మాత్రమే.

ఏడెకరాలకు సొంతంగా కొనమని నేను చెప్పను. ఊరి రైతు ఉత్పత్తిదారుల సంఘం తరఫున ఒకటి తీసుకుంటే, కోతకు పది రోజుల ముందు నుంచి అందరి తోటల్లోనూ చూసుకోవచ్చు. అంతవరకు భుజాలు తొడిమ కంటే పైకి ఎదిగిన కాయలను, నీటిలో వేస్తే మునిగే కాయలను ముదిరినవిగా ఎంచుకోండి. ఇక ర్యాంపు సంగతి. నాలుగు కాయలతో ఒక లోడు విలువ తేల్చడం న్యాయం కాదు. లోడు పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కాయలు తీసి చూడాలని సంఘం తరఫున పట్టుబట్టండి. మీటరు అంకెకు అక్కడ విలువ ఉండాలంటే మాత్రం, పైన చెప్పిన ఓవెన్ పరీక్షను సీజను మొదట్లోనే గుజ్జు ఫ్యాక్టరీ నాణ్యతా విభాగం వారి ఎదుట చేసి, ఎంత శాతం ఉంటే కోతకు సిద్ధమైనట్లో ఇరుపక్షాలూ ముందే రాసుకోవాలి.

– ఉద్యాన శాస్త్రవేత్త, తిరుపతి