కాలేజీ లైబ్రరీలో ప్రింటు పత్రికల లెక్కకు ఎక్సెల్ చాలా, సాఫ్ట్‌వేర్ కావాలా?

ఏదైనా సరిపోతుంది, టపా వచ్చిన రోజే నమోదు చేసే మనిషి ఒకరుంటే. ఆ మనిషి లేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా దండగే. కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఏళ్ల తరబడి పీరియాడికల్స్ విభాగం చూసినవాడిగా ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

మా రోజుల్లో కార్డెక్స్ ఉండేది. ఇనుప బీరువాలో పలుచటి ట్రేలు, ఒక్కో పత్రికకు ఒక కార్డు, కార్డు మీద నెలలవారీ గళ్లు. సంచిక రాగానే గడిలో తేదీ వేయాలి. గడి ఖాళీగా ఉందంటే సంచిక రానట్టు. ఇంతే. దీని విలువ 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుకు అందరికీ తెలిసింది. కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డంగా పడి ఊళ్లకు దారి లేదు, కరెంటు లేదు, టపా లేదు. మా చదువుగది పైకప్పు పెంకులు లేచిపోయి, ర్యాకుల్లో పేర్చిన కొత్త సంచికలన్నీ నానిపోయాయి. తళతళలాడే ఆర్టు కాగితం తడిసి ఆరిందంటే ఇటుకే, ఇక పేజీలు విడిరావు. తడి ఉండగానే పేజీల మధ్య పాత దినపత్రికల కాగితాలు పెట్టి ఆరబెట్టాలి. అలా కొన్ని దక్కాయి, కొన్ని పోయాయి.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. లేని సంచికల్లో ఏవి తడిసి పోయినవి, ఏవి అసలు మాకు చేరనివి? చేరని సంచికను వెంటనే అడిగితే ప్రచురణకర్తలు సాధారణంగా ఉచితంగానే మళ్లీ పంపుతారు. మన దగ్గర పాడైనదాన్ని మనమే కొనుక్కోవాలి. మా అటెండరు, “అన్నీ రాలేదనే రాసేద్దామండీ, తుఫాను సంగతి వాళ్లూ పేపర్లో చదివే ఉంటారు” అన్నాడు. ఆఫీసు గుమాస్తాకూ ఆ మాటే నచ్చింది. మా లైబ్రేరియన్ మేడమ్ ఒప్పుకోలేదు. హరికేన్ లాంతరు వెలుగులో ట్రేలు ఒక్కొక్కటే లాగి, గళ్లు చూసి రెండు జాబితాలు రాయించారు. తపాలా మొదలైన వారంలోనే ఉత్తరాలు వెళ్లాయి. చేరని సంచికలు చాలావరకు వచ్చాయి. ఒక త్రైమాసిక పత్రికవారు మాత్రం ప్రతులు అయిపోయాయన్నారు. ఆ సంచికను విశాఖపట్నంలో యూనివర్సిటీ లైబ్రరీ నుంచి జిరాక్సు తెప్పించి, సంపుటంలో చేర్చి బైండు చేయించాం. కార్డులు లేకపోతే ఏది అడగాలో, ఏది కొనాలో ఎవరికీ తెలిసేది కాదు.

సాఫ్ట్‌వేర్ మీద నాకు కోపమేమీ లేదు. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితం, యూజీసీ కింద లైబ్రరీల కోసం పెట్టిన కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ ఉంది, రెండింట్లోనూ పీరియాడికల్స్‌కు వేరే భాగం ఉంటుంది. రావలసిన తేదీ దాటితే ‘ఆలస్యం’ అని చూపిస్తుంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్‌గారు పత్రికల నమోదుకు పెట్టిన తన మూడు కార్డుల పద్ధతిలో ‘చెక్ కార్డు’ను వారాలవారీగా పేర్చమన్నదీ ఇందుకే: ఆ వారం కార్డు కదలకపోతే ప్రచురణకర్తకు ఉత్తరం రాయాలి. అయితే కంప్యూటర్‌కు ఉమ్మడి సంచికల సంగతి మనమే చెప్పాలి. ఒక తెలుగు మాసపత్రిక మే, జూన్ కలిపి వేస్తే, కొత్తగా చేరిన కుర్రాడు తెర మీద ‘ఆలస్యం’ చూసి జూన్ సంచిక ఏదంటూ వరుసగా రిమైండర్లు పంపాడు. సంపాదకుడు ఓపిక నశించి కార్డు ముక్క రాశాడు: “అట్ట మీద రెండు నెలల పేర్లూ ఉన్నాయి, చూడగలరు.”

ఇక లెక్కల విభాగం సంగతి అడగకండి. చందాలు ఎక్కువగా జనవరి నుంచి డిసెంబరు దాకా, కాలేజీ బడ్జెట్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా. చందా ముందే కట్టాలి, ఆడిట్‌వాళ్లేమో సరుకు రాకుండా డబ్బెలా ఇచ్చారంటారు. ఆ ఫైలు తిరిగే లోపల జనవరి, ఫిబ్రవరి సంచికలు పోతాయి. గ్రూప్స్‌కు చదివే పిల్లలు కరెంట్ అఫైర్స్ పేజీలు చింపుకుపోవడం ఇంకో బాధ. జిరాక్సు మిషను పక్కనే ఉన్నా అంతే. బైండరూ తక్కువ తినలేదు. చెప్పకపోతే అట్టలన్నీ పీకి పారేసి, అంచులు కోసేటప్పుడు అక్షరాల దాకా కోస్తాడు. పంపే ముందే సంచికలు వరుసగా ఉన్నాయో లేదో, సంపుటానికి విషయసూచిక వచ్చిందో లేదో చూసుకుని, అట్టలు ఉంచమని కాగితం మీద రాసివ్వండి.

“ఇప్పుడన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా, ప్రింటు ఎందుకు?” అని మీ ప్రిన్సిపాల్ రేపో మాపో అడుగుతారు. కాలేజీలకు ఆన్‌లైన్ జర్నళ్లు అందించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్-లిస్ట్‌కు చందా కడితే ఇంగ్లీషు జర్నళ్లు వేలల్లో దొరుకుతాయి, నిజమే, అవి ప్రింటులో మానేసినా నేను బాధపడను. మన జిల్లాల్లో నాలుగైదేళ్లు నడిచి ఆగిపోయిన సాహిత్య పత్రికలు అందులో ఉండవు. అవి ఎక్కడైనా పూర్తి సెట్టుగా మిగిలాయంటే ఒక లైబ్రరీలో ఎవరో ఖాళీ గడి చూసి ఉత్తరం రాసినందువల్లే. మా ప్రాంతంలోనే ఒక కాలేజీ, స్థలం చాలదని అలాంటి సంపుటాలను కిలోల లెక్కన పాత కాగితాలవాడికి అమ్మేసింది. అమ్మే ముందు చుట్టుపక్కల కాలేజీలకు ఒక జాబితా పంపి ఉంటే ఆటో కట్టించుకుని వెళ్లి తెచ్చుకునేవాళ్లం. మీరు ఎక్సెల్‌లో పెట్టినా కోహాలో పెట్టినా, ఆ తెలుగు పత్రికల పేర్లు ముందు ఎక్కించండి.