125 డాలర్ల ఆశ, నెలకు 128 డాలర్ల వడ్డీ

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. నాది హెచ్1బి వీసా. నా భార్యకు ఉద్యోగం లేదు. అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరో ఈక్విఫాక్స్‌లో జరిగిన డేటా చోరీ కేసులో 125 డాలర్లు ఇస్తారంటే క్లెయిమ్ వేశాను. మూడేళ్లు ఎదురుచూస్తే 5 డాలర్ల 21 సెంట్లు వచ్చాయి. ఇలాంటివే మరో ఏడు కేసుల్లో క్లెయిములు వేశాను. ఆ డబ్బు వస్తుందన్న ధైర్యంతో చేసిన ఖర్చులతో క్రెడిట్ కార్డు బాకీ 6,400 డాలర్లకు చేరింది, వడ్డీ 24 శాతం. చేతిలో 900 డాలర్లు ఉన్నాయి. నా 401కె పదవీ విరమణ పొదుపు ఖాతా నుంచి 15,000 డాలర్లు అప్పు తీసుకుని, కార్డు బాకీ పోగా మిగిలింది షేర్లలో పెట్టమని ఒక మిత్రుడు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంకా చేతికి రాని సొమ్మును ఆదాయంలో కలుపుకుని ఖర్చు పెట్టేవారు మీరొక్కరే కారు కనుకనే ఈ లేఖకు జవాబిస్తున్నాను. 2017లో బయటపడిన ఆ చోరీ దాదాపు 14.7 కోట్ల మందికి సంబంధించినది. 2019 జులైలో రాజీ కుదిరినప్పుడు 125 డాలర్ల నగదు కోరేవారికోసం పక్కన పెట్టింది 3.1 కోట్ల డాలర్లు మాత్రమే. తలా 125 చొప్పున పంచితే అది 2,48,000 మందితో సరి. నగదు కోరితే చాలా తక్కువ వస్తుందని, ఉచిత క్రెడిట్ పర్యవేక్షణ ఎంచుకోవడమే మేలని వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ నెలలోనే హెచ్చరించింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు మీరు ఇప్పుడు ఏడు క్లెయిములకు ముందుగానే ఖర్చులు రాసి పెట్టుకున్నారు. మీ కార్డు బాకీపై నెల వడ్డీయే 128 డాలర్లు. మూడేళ్లు ఎదురుచూసిన మొత్తాన్ని మించినది ప్రతి నెలా మీరే చెల్లిస్తున్నారు.

మీ మిత్రుని సలహాను దయచేసి పక్కన పెట్టండి. అప్పు తెచ్చి షేర్లు కొనడం ఏ దేశంలోనైనా జూదమే, మీ పరిస్థితిలో అది మరింత ప్రమాదం. ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికో, వీసా మార్చుకోవడానికో, సామాను సర్దుకోవడానికో మీకు సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. సరిగ్గా అదే సమయంలో 401కె అప్పు మిగిలిన మొత్తం కూడా మీద పడవచ్చు. ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా అంత మొత్తాన్ని తిరిగి జమ చేయలేకపోతే అది ఆదాయంగా లెక్కకు వచ్చి, పన్నుతో పాటు, 59½ ఏళ్లు నిండనివారికి సాధారణంగా 10 శాతం జరిమానా పడుతుంది.

అందుకే నేను మళ్లీ మళ్లీ అత్యవసర నిధి గురించే చెబుతాను. రెండో జీతం లేని ఇంట్లో 900 డాలర్లు ఒక నెల అద్దెకైనా సరిపోవు. అద్దె ఒప్పందం మధ్యలో రద్దు చేసుకోవలసి వచ్చినా, హైదరాబాద్‌కు హఠాత్తుగా ఇద్దరికీ టికెట్లు కొనవలసి వచ్చినా ఆ ఖర్చు మళ్లీ కార్డు మీదికే వెళ్తుంది. ఈ రోజు నుంచి కార్డు వాడకం ఆపండి. కనీస చెల్లింపు తప్పకుండా కడుతూ, ముందుగా ఒక నెల ఖర్చులు విడి పొదుపు ఖాతాలో పోగు చేయండి. ఆ తర్వాత మిగిలే ప్రతి డాలరునూ కార్డు బాకీకి మళ్లించి, అది తీరాక నిధిని ఆరు నెలల ఖర్చులకు పెంచండి. కంపెనీ జమచేసే వాటా పూర్తిగా రావడానికి ఎంత కట్టాలో అంత 401కెలో కట్టడం మానకండి. మీ మీద ఆధారపడిన భార్య ఉన్నారు కనుక టర్మ్ బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

ఆ ఏడు క్లెయిములను అలాగే ఉండనివ్వండి. ఎప్పుడైనా డబ్బు వస్తే నేరుగా కార్డు బాకీకి జమ చేయండి. మీ వివరాలు ఒకసారి బయటపడ్డాయి కనుక మీ పేరిట ఎవరూ కొత్త అప్పులు తీసుకోకుండా మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ మీ ఫైలును ఫ్రీజ్ చేయించండి, 2018 సెప్టెంబరు నుంచి అది ఉచితం. కొత్త కార్డు తీసుకోవాలని మనసు లాగినప్పుడు ఆ ఫ్రీజ్ తీయించుకోవలసిన శ్రమ కూడా మీకు కాస్త అడ్డుపడుతుంది.