ఓత్ కాకముందే స్కూల్ బోర్డుకు నామినేషన్ వేయవచ్చా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో, ఫ్రిస్కోలో 11 ఏళ్లుగా ఉంటున్నాం. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ పాసయ్యాను, ఓత్ (పౌరసత్వ ప్రమాణం) తేదీ ఇంకా రాలేదు. పోయిన ఆగస్టులో పాత ఇల్లు అమ్మేసి, పది నిమిషాల దూరంలో కొత్త ఇంట్లోకి మారాం. మా అమ్మాయి ఆరో క్లాసు. బడిలో లెక్కల స్టాండర్డ్ పడిపోయిందని మా పేరెంట్స్ గ్రూపులో అందరి గోల. స్కూల్ బోర్డుకు నన్నే నిలబడమంటున్నారు. మిత్రులు చందాలు వేస్తామంటున్నారు, వాళ్లలో సగం మంది హెచ్1బీ మీద ఉన్నవాళ్లే. మా మామగారు గుంటూరు నుంచి 5 లక్షల రూపాయలు పంపుతానంటున్నారు. అభ్యర్థుల చర్చలో "గెలిపిస్తే సిలబస్ మార్పిస్తాను" అని చెబుదామనుకుంటున్నాను. చట్టపరంగా ఎక్కడైనా ఇరుక్కుంటానా? మా హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఇంటి ముందు ప్రచార బోర్డులు పెట్టనివ్వదు, దానికేం చేయాలి?
(పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: మీరు ఇరుక్కునే చోట్లు రెండున్నాయి. ఒకటి ఓటరు ఫారం, రెండోది మామగారి 5 లక్షలు. సిలబస్ హామీ వల్ల కేసులేమీ రావు గానీ, గెలిచాక జనం ముందు తలెత్తుకోవడం కష్టమవుతుంది. వరసగా చెబుతాను.

ఇంటర్వ్యూ పాసైనంత మాత్రాన మీరు సిటిజన్ కాలేదు. ఓత్ తీసుకున్న రోజే అవుతారు. టెక్సస్‌లో స్కూల్ బోర్డు ట్రస్టీగా, అంటే బోర్డు సభ్యుడిగా, పోటీ చేసేవాళ్లు అమెరికా పౌరులై ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, నామినేషన్ల ఆఖరు తేదీ నాటికి ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఆ బోర్డు కిందున్న బడుల పరిధిలో) ఓటరుగా నమోదై ఉండాలి. ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం ఇచ్చిన 30వ రోజుకు గానీ అమల్లోకి రాదు. కాబట్టి ఆఖరు తేదీకి కనీసం నెల రోజుల ముందు మీ ఓత్ అయిపోవాలి. సెరిమనీలోనే ఫారాలు పంచుతుంటారు. సర్టిఫికెట్ చేతికొచ్చాక అక్కడే నింపి ఇచ్చేయండి.

ఎలాగూ వారంలో ఓత్ అవుతుంది కదా అని ముందే ఫారం నింపడం మాత్రం చేయకండి. నామినేషన్ దరఖాస్తులోనూ "నేను అమెరికా పౌరుడిని" అని ప్రమాణం చేసి, నోటరీ ముందు సంతకం పెట్టాలి. పౌరుడు కాకుండా పౌరుడినని చెప్పుకోవడాన్ని 1996 నాటి ఇమ్మిగ్రేషన్ సవరణ చాలా కఠినంగా చూస్తుంది. మినహాయింపులు దాదాపు లేవు, గ్రీన్‌కార్డుకే ఎసరొస్తుంది. నా దగ్గరికి ఒకాయన వచ్చారు. డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ ఫారంలో ఓటరు నమోదు దగ్గర చదవకుండా టిక్కు పెట్టేశారు. ఓటు ఒక్కసారి కూడా వేయలేదు. అయినా ఆయన సిటిజన్‌షిప్ ఫైలు ఏడాదిన్నర కదల్లేదు. బోర్డు ఎన్నికలు మళ్లీ వస్తాయి, ఈ ఒక్కసారికి ఆగితే పోయేదేం లేదు.

ఇక ఇల్లు. నామినేషన్ల ఆఖరు తేదీకి ముందు టెక్సస్‌లో 12 నెలలు, ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దుల్లో 6 నెలలు వరసగా నివాసం ఉండాలి. ఆఖరు తేదీ పోలింగుకు 78 రోజుల ముందు వస్తుంది. మే మొదటి శనివారం పోలింగైతే అది ఫిబ్రవరి మధ్యలో పడుతుంది. అక్కడి నుంచి 6 నెలలు వెనక్కి వెళ్తే ఆగస్టు మధ్య. మీరు "పోయిన ఆగస్టు" అన్నారు. ఆగస్టు 5 అయితే సరిపోతుంది, 25 అయితే సరిపోకపోవచ్చు. పాత ఇల్లు కూడా అదే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే మాత్రం ఈ లెక్కతో పనే లేదు.

ఉందా లేదా అన్నది పోస్టల్ అడ్రసు చూసి తేల్చకండి. ఫ్రిస్కో ఊరంతా ఫ్రిస్కో ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) కాదు. ఊళ్లో కొన్ని భాగాలు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీల కింద ఉన్నాయి. అలాగే ఫ్రిస్కో ఐఎస్‌డీ ప్లేనో, మెకిన్నీల్లోకీ పాకింది. మీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీసి చూడండి, పన్ను ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌కు కడుతున్నారో అందులో ఉంటుంది. పాత ఇంటి బిల్లు కూడా తీసి పక్కన పెట్టుకుంటే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. అన్ని డిస్ట్రిక్ట్‌లకూ ఎన్నికలు మేలోనే ఉండవు, కొన్నిటికి నవంబరులో. మీ డిస్ట్రిక్ట్ ఆఫీసులో ఎన్నికల పని చూసేవాళ్లనడిగి తేదీలు రాయించుకోండి. బ్యాలెట్ మీద పేరు రావడానికి ఫీజేమీ లేదు. గెలిస్తే జీతమూ లేదు, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పండి!

డబ్బు దగ్గరే మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడతారు. మనది ఇచ్చిపుచ్చుకునే సంప్రదాయం. పెళ్లికి చదివించినట్టే ఎన్నికకూ చదివిస్తారు. ఫెడరల్ చట్టం ప్రకారం విదేశీయులు అమెరికాలో ఏ ఎన్నికకూ డబ్బు ఇవ్వకూడదు. ప్రెసిడెంటు ఎన్నికకే కాదు, ఊళ్లో స్కూల్ బోర్డుకూ అదే రూలు. ఈ లెక్కలో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు విదేశీయులు కారు, వాళ్లు ఇవ్వవచ్చు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు, మీరు తీసుకోకూడదు. గుంటూరులో ఉన్న మామగారి సంగతి వేరే చెప్పాలా? "అమ్మాయి పేరు మీద పంపుతాను, దాన్నుంచి మీరు వాడుకోండి" అని ఆయనంటే అది ఇంకా ప్రమాదం. ఒకరి డబ్బును ఇంకొకరి పేరుతో తేవడం విడిగా మరో తప్పు. ఆయనకు దండం పెట్టి వద్దనండి.

మరి హెచ్1బీ మిత్రులు ఏమీ చేయకూడదా అంటే, చేయవచ్చు. జీతం తీసుకోకుండా వలంటీర్లుగా పనిచేయడం తప్పు కాదు. మీతోపాటు ఇల్లిల్లూ తిరగడం, శనివారం పొద్దున కరపత్రాలు పంచడం లాంటివి నిక్షేపంగా చేయవచ్చు. ప్రచారం డబ్బు ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లో మాత్రం వాళ్లు ఉండకూడదు. అందుకని వాళ్లలో ఎవర్నీ ట్రెజరర్‌గా పెట్టకండి.

ట్రెజరర్ అంటే గుర్తొచ్చింది. టెక్సస్‌లో క్యాంపెయిన్ ట్రెజరర్‌ను నియమించినట్టు ఫారం దాఖలు చేయకుండా ఒక్క డాలరు చందా తీసుకోకూడదు, ఒక్క డాలరు ఖర్చూ పెట్టకూడదు. మీరే మీ ట్రెజరర్‌గా ఉండొచ్చు. ఒకే దాత దగ్గర ఒక లెక్కల గడువులో 100 డాలర్లు దాటి నగదు తీసుకోకూడదు, అందుకని గుడి దగ్గర కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లను చెక్కు రాయమనండి. మీ మిత్రుడికి ఐటీ కన్సల్టెన్సీ ఉందనుకోండి. ఆ కంపెనీ కార్పొరేషన్‌గా రిజిస్టరై ఉంటే కంపెనీ చెక్కు చెల్లదు, ఆయన సొంత చెక్కు ఇవ్వాలి. పోలింగుకు 30 రోజుల ముందు ఒకసారి, 8 రోజుల ముందు ఇంకోసారి లెక్కలు దాఖలు చేయాలి. ఇవి ఎవరైనా తీసి చదువుకోగల కాగితాలు. ఎదుటి అభ్యర్థి మనుషులు తప్పకుండా చదువుతారు.

ఇప్పుడు మీ అసలు విషయానికి వద్దాం. "సిలబస్ మార్పిస్తాను" అన్న మాట అనకండి. మార్చే అధికారం ఆ కుర్చీకి లేదు. ఏ క్లాసులో ఏం నేర్పాలన్నది టెక్సస్‌లో రాష్ట్ర విద్యామండలి నిర్ణయిస్తుంది. దానికి 15 మంది సభ్యులు, వాళ్లనూ ఓటర్లే ఎన్నుకుంటారు. వాళ్లు ఖరారు చేసిన ప్రమాణాలనే ఇక్కడ బళ్లలో టీక్స్ అంటారు. ఫ్రిస్కో అయినా ఎల్ పాసో అయినా టీక్స్ నేర్పాల్సిందే. మనవాళ్లు చాలామంది కామన్ కోర్‌ను (చాలా రాష్ట్రాలు తీసుకున్న ఉమ్మడి పాఠ్య ప్రమాణాలను) తిడుతుంటారు. టెక్సస్ దాన్ని ఎప్పుడూ తీసుకోలేదు, 2013లో చట్టం చేసి మరీ నిషేధించింది. చర్చలో మీరు కామన్ కోర్ మీద ధ్వజమెత్తితే పక్కన కూర్చున్న పాత ట్రస్టీ నవ్వుకుంటాడు. రాష్ట్రమంతటా పిల్లలకు పెట్టే స్టార్ పరీక్ష కూడా స్కూల్ బోర్డు చేతిలో లేదు. దాన్ని తీసేసి 2027-28 నుంచి ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెట్టాలని 2025లో శాసనసభే తేల్చింది.

బోర్డు చేతిలో ఏముంది అంటే, చాలానే ఉంది. టీక్స్ కంటే తక్కువ నేర్పకూడదు గానీ ఎక్కువ నేర్పొద్దని ఎవరూ అనలేదు. ఏ పాఠ్యపుస్తకాలు కొనాలి, హైస్కూల్లో ఏ అడ్వాన్స్‌డ్ కోర్సులు పెట్టాలి, జీపీఏలో ఏ కోర్సుకు ఎంత వెయిటేజీ, క్లాస్ ర్యాంకు ఎలా లెక్కకట్టాలి, ఇవన్నీ బోర్డు పాలసీలోకి వస్తాయి. రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీల ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాస్ ర్యాంకు మీదే నడుస్తుంది గనక, ఆ వెయిటేజీ పట్టికలో చిన్న మార్పుతో ఎంతమంది పిల్లల తలరాత మారుతుందో మీకు చెప్పక్కర్లేదు. 2024 నవంబరులో రాష్ట్ర మండలి 8-7 ఓట్లతో రాష్ట్రమే తయారు చేయించిన బ్లూబానెట్ పాఠాలను ఆమోదించింది. వాటిలో బైబిలు ప్రస్తావనలు ఎక్కువని పెద్ద గొడవే అయింది. వాడితే డిస్ట్రిక్ట్‌కు అదనపు డబ్బు వస్తుంది, వాడమని బలవంతం మాత్రం లేదు. వాడాలా వద్దా అన్నది స్థానిక బోర్డు ఇష్టం. స్టాండర్డ్స్ మీద అసలైన చర్చ జరగాల్సింది ఇలాంటి చోటే.

మీ అమ్మాయి లెక్కల సంగతి చూద్దాం. 2023లో వచ్చిన చట్టం ప్రకారం అయిదో క్లాసు స్టార్ లెక్కల పరీక్షలో పై 40 శాతంలో వచ్చిన పిల్లల్ని ఆరో క్లాసులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో తల్లిదండ్రులు అడగకుండానే వేయాలి. వద్దనుకుంటే తల్లిదండ్రులు తప్పించుకోవచ్చు. మీ అమ్మాయిని వేశారా? వేయకపోతే దానికి ఎన్నిక అక్కర్లేదు, ఆమె స్కోరు కాగితం పట్టుకుని బడికి వెళ్లి అడగండి. వేశాక కూడా పాఠం పలచగా ఉందంటే అప్పుడది పుస్తకాల సమస్య, టీచర్ల శిక్షణ సమస్య. అందులో బోర్డుకు పాత్ర ఉంది. "ఆరో క్లాసు అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో ఎంతమందిని వేశారు, వాళ్లలో ఎనిమిదిలో ఆల్జీబ్రా దాకా నిలిచిందెంతమంది, ఈ లెక్క ఏటా బోర్డు ముందు పెట్టిస్తాను" అని చర్చలో చెప్పండి. అది ట్రస్టీ అడగగలిగిన లెక్కే, ఓటరు గుర్తుపెట్టుకునే మాటే. ఏ టీచరు పేరూ ఎత్తకండి, ఎవరి పిల్లల మార్కులూ ఉదాహరణగా చెప్పకండి. టీచర్లకు వాళ్ల స్కూల్ ఈమెయిలుకు ప్రచారం మెసేజీలు పంపి, అక్కణ్నుంచే నలుగురికీ పంపమని అడగకండి. బడి వనరులతో ప్రచారం చేసినందుకు చిక్కుల్లో పడేది వాళ్లు.

గెలిచాక కూడా ఒక ట్రస్టీగా మీ ఒక్కరి మాటకు అధికారం లేదు. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి "ఫలానా పుస్తకం తీసేయండి" అంటే ఆయన వినాల్సిన పని లేదు. రోజువారీ నడిపేది సూపరింటెండెంట్. బోర్డులో సాధారణంగా ఏడుగురుంటారు, నలుగురైతే కోరం. ఆ నలుగురూ ఒక వాట్సాప్ గ్రూపులో చేరి బోర్డు విషయాలు చర్చించుకుంటే, నోటీసు ఇవ్వకుండా మీటింగు పెట్టినట్టే లెక్క. ఓపెన్ మీటింగ్స్ చట్టం కింద ఇది శిక్షార్హం. ఇద్దరిద్దరుగా ఫోన్లలో మాట్లాడుకుని ముందే ఓట్లు పోగేసుకోవడమూ కుదరదు. మనకు వాట్సాప్ లేనిదే పూట గడవదు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇంకొక దారి కూడా చెబుతాను, నా లెక్కలో ఈ ఏడాదికి మీకు అదే మేలు. బోర్డు మీటింగులో అజెండా మీదున్న ఏ అంశం మీదనైనా బోర్డు దాన్ని చేపట్టే ముందు గానీ, చర్చిస్తుండగా గానీ జనాన్ని మాట్లాడనివ్వాలని 2019 నుంచి చట్టం ఉంది. బోర్డును విమర్శించొద్దని ఆపకూడదు. దీనికి ఓటు అక్కర్లేదు, సిటిజన్‌షిప్ అక్కర్లేదు. హెచ్1బీ మిత్రులూ వచ్చి మాట్లాడవచ్చు. ఓత్ వచ్చేలోపు నాలుగు మీటింగులకు వెళ్లి కూర్చోండి. చర్చలో ఏం మాట్లాడాలో అక్కడే తెలిసిపోతుంది.

హెచ్ఓఏ సంగతి తేలికే. పోలింగుకు 90 రోజుల ముందు నుంచి, అయ్యాక 10 రోజుల దాకా సొంత స్థలంలో ఎన్నికల బోర్డు పెట్టుకోవడాన్ని వాళ్లు అడ్డుకోలేరు. ఒక్కో అభ్యర్థికి ఒక్క బోర్డు, నేలలో పాతిందే, 4 అడుగులు 6 అడుగులకు మించకూడదు. లైట్లు పెట్టి, బెలూన్లు కట్టి, పాటలు పెడితే మాత్రం వాళ్లు తీసేయించగలరు. మనవాళ్ల ఉత్సాహం తెలిసే చెబుతున్నాను.