కప్‌కేక్ సంగతి సరే, ఆ సగం మాత్ర ఎవరు వేసుకోమన్నారు?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మాది పర్లాకిమిడి. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. బరంపురంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి శనివారం బస్సులో వచ్చేటప్పుడు గోర్మే కప్‌కేకులు తెస్తున్నాడు. ఒక్కొక్కటి 160 రూపాయలట. పెట్టె మీద బెల్జియం చాక్లెట్, ఎగ్‌లెస్ అని ఉంటుంది. కొన్నింటి మీద షుగర్ ఫ్రీ అని కూడా ఉంటుంది. అంత ధర పెట్టి కొనేంత గొప్పవేనా ఇవి? మామూలు బేకరీ కేకే నయమా? నా జాగ్రత్తలో నేనున్నాను. కేక్ తిన్న రోజు రాత్రి అన్నం మానేసి, షుగర్ మాత్ర ఇంకో సగం వేసుకుంటాను. తిన్న రెండు గంటలకు మిషన్‌లో చూస్తే 165 దాటదు. ఈమధ్య ఆదివారం తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి మెలకువ వస్తోంది. బీపీ వల్లనేమో అనుకుంటున్నాను.

జవాబు: అమ్మా, మీరు అడిగింది కేకు గురించి. నాకు కంగారు పుట్టించింది మాత్రం మీరు చివర్లో మాటవరసకు రాసిన సంగతి. ముందు అదే చూద్దాం.

రాత్రి అన్నం లేదు. మాత్ర ఒకటికి ఒకటిన్నర అయింది. తెల్లవారుజామున చెమటలు. ఈ మూడూ కలిస్తే ఏ డాక్టరైనా మొదట అనుమానించేది రక్తంలో షుగర్ పడిపోయిందనే. మాత్ర పేరు రాయలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. మన ప్రాంతంలో చాలామంది వాడేది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర. మీదీ అదే అయితే అనుమానం ఇంకా గట్టిది.

గ్లిమెపిరైడ్ పాంక్రియాస్‌ను ఒత్తిడి చేసి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపులో తిండి ఉందా లేదా అన్నది దానికి పట్టదు. ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. అందుకే సాధారణంగా రోజుకొకసారి, పొద్దున్న టిఫిన్‌తో వేసుకోమంటాం. మీరు రాత్రిపూట, అన్నం మానేసి, ఎక్కువ డోసు వేసుకుంటున్నారు. సాయంత్రం తిన్న కేకు అర్ధరాత్రికల్లా అరిగిపోతుంది, మాత్ర మాత్రం తెల్లారేదాకా పని చేస్తూనే ఉంటుంది. కిడ్నీలు కాస్త నెమ్మదించిన వాళ్లలో ఇది ఒంట్లో మరీ ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఎనిమిదేళ్ల షుగర్, పైగా బీపీ అంటున్నారు. ఈ ఏడాది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నారా?

మెట్‌ఫార్మిన్ తీరు వేరు. అది ప్రధానంగా లివర్ నుంచి వచ్చే షుగర్‌ను తగ్గిస్తుంది, రోజూ వాడితే మెల్లగా పని చేస్తుంది. ఒక పూట తిన్న తీపికి విరుగుడుగా సగం మాత్ర మింగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

విరిచి వేసుకోవడంలో ఇంకో చిక్కుంది. షీట్ మీద మందు పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్ అని ఉంటే అది మందును గంటల తరబడి కొద్దికొద్దిగా వదిలే మాత్ర. డాక్టరు విరవమని చెబితే తప్ప అలాంటివి విరవకూడదు. విరిచినా నూరినా ఆ ఏర్పాటు చెడి, నెమ్మదిగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగవచ్చు.

మీ ఒడిశా-ఆంధ్ర సరిహద్దు ఊళ్లలో తరచూ జరిగే పొరపాటు కూడా చెప్పాలి. బరంపురంలో ఒక డాక్టరు, శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఇంకొకరు. రెండు చీటీలు, రెండు కంపెనీల పేర్లు, లోపల ఒకటే మందు. ఇద్దరూ రాసింది తెలియక రెండూ వేసుకునేవాళ్లున్నారు. షీట్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే బ్రాండు పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరూ మిల్లీగ్రాములూ మీ అబ్బాయి చేత చదివించండి.

ఈ రోజు నుంచే ఆ అదనపు సగం ఆపేయండి. డాక్టరు రాసిన డోసును మీ అంతట మీరు మార్చొద్దు, రాత్రి భోజనం మానొద్దు. మళ్లీ చెమటలతో మెలకువ వస్తే, వెంటనే మిషన్‌లో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే 3 చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. పెరగకపోతే ఇంకోసారి తాగండి. పెరిగాక రెండు ఇడ్లీలో, ఇంత అన్నమో తినండి. మీ మాత్రలో వోగ్లిబోజ్ (పిండి, పంచదార అరగడాన్ని ఆలస్యం చేసే మందు) కూడా ఉంటే పంచదార తొందరగా పని చేయదు, గ్లూకోజ్ పొడే తాగాలి. అది ఇంట్లో పెట్టుకోండి. ఆ సమయంలో ఫ్రిజ్‌లో ఉన్న కప్‌కేక్ మాత్రం తినొద్దు. అందులోని కొవ్వు వల్ల షుగర్ రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ రకం మందుతో పడిపోయిన షుగర్ ఒకసారి లేచినా కొన్ని గంటలకు మళ్లీ పడవచ్చు. కాబట్టి తేరుకున్నాం కదా అని ఇంట్లో ఉండిపోవద్దు.

బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడుతుంటే షుగర్ పడినప్పుడు వచ్చే వణుకు, గుండెదడ పెద్దగా తెలియవు. చెమట ఒక్కటే మిగిలే సూచన కావచ్చు. ఇక మీ వయసులో నెలసరి ఆగే దశలోనూ చెమటలు పడతాయి, థైరాయిడ్ ఎక్కువైనా పడతాయి. చెమటతో పాటు ఛాతీలో బరువు, ఆయాసం, దవడ లేదా ఎడమ చేతి నొప్పి ఉంటే మాత్రం షుగర్ చూసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు.

165 దాటలేదన్న మీ ధీమా గురించి కూడా ఒక మాట. ఇడ్లీ తిన్నప్పుడు రెండు గంటలకు చూడటం సరిపోతుంది. వెన్న, క్రీము దట్టంగా ఉన్న కేకు తిన్నప్పుడు కడుపు ఖాళీ కావడం ఆలస్యమై, షుగర్ మూడు నాలుగు గంటలకు పెరగవచ్చు. రెండో గంట అంకె చూసి మురిసిపోయి ఉంటారు. నాలుగో గంటకూ ఒకసారి చూడండి.

ఇప్పుడు కేకు. న్యూయార్క్‌లో 1996లో తెరిచిన మాగ్నోలియా బేకరీ లాంటి చోట్ల పుట్టిన మోజు ఇది. ఇప్పుడు బరంపురం దాకా వచ్చింది. రుచి మీ ఇష్టం. నేను లెక్క మాత్రం చెబుతాను. పైన గోపురంలా తిప్పే బటర్‌క్రీమ్ సాధారణంగా ఒక వంతు వెన్నకు రెండు వంతుల పొడి పంచదార. 45 గ్రాముల క్రీము పడితే 30 గ్రాముల పంచదార, 15 గ్రాముల వెన్న. కింది కేకులో ఇంకో 12 నుంచి 17 గ్రాముల పంచదార, అంతే మైదా. ఒక్క కేకుతో దాదాపు 45 గ్రాముల పంచదార తిన్నట్టే. రోజు మొత్తానికి అదనపు చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, అదీ షుగర్ లేనివాళ్లను కూడా కలుపుకుని.

ఎగ్‌లెస్ అంటే తేలిక అనుకోకండి. గుడ్డు బదులు చాలామంది తీపి కండెన్స్‌డ్ మిల్క్ వేస్తారు, అందులో సగానికి పైగా చక్కెరే. షుగర్ ఫ్రీ అన్నదానిలో మైదా ఎలాగూ ఉంటుంది, అది గ్లూకోజే అవుతుంది. పంచదార బదులు మాల్టిటాల్ వేస్తే అదీ రక్తంలో షుగర్ పెంచుతుంది, కాస్త తక్కువగా. ఎక్కువ తింటే గ్యాసు, విరేచనాలు. బెల్లం, తేనె, బ్రౌన్ షుగర్ వేశామని రాస్తే నాకు నవ్వొస్తుంది. మూడూ చక్కెరలే. మీ ఒడిశా పనీరు మిఠాయి ఛెనాపోడలో మైదా ఉండదు, కాస్త ప్రోటీన్ ఉంటుంది కాబట్టి అది పర్లేదా అంటారేమో. దాని అడుగున ఎర్రగా మాడి కనిపించేదీ పంచదారే.

ధరకు తగిన సరుకు ఉందా అంటే, పదార్థాల జాబితా చదవండి. అసలు వెన్న, కోకో బటర్ ఉన్న చాక్లెట్ ఖరీదైనవే, వాటికి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. కాంపౌండ్ చాక్లెట్, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్, నాన్ డెయిరీ టాపింగ్ అని ఉంటే 160 రూపాయలు పెట్టెకూ రిబ్బనుకూ పోసినట్టే. వెన్న 32-35 డిగ్రీలకు కరుగుతుంది. మే నెల బరంపురం ఎండలో ఏసీ లేని కౌంటర్ మీద సాయంత్రం దాకా వంపు చెదరకుండా నిలిచిన క్రీమును చూస్తే అది వెన్నేనా అని నేనైతే అడుగుతాను. మామూలు బేకరీ కేకు ఆరోగ్యానికి మేలని కూడా అనను. దానిలో ఎక్కువగా వనస్పతే ఉంటుంది. కాకపోతే పైన గోపురం చిన్నది.

బస్సు ప్రయాణం ఇంకో బెడద. చీజ్ క్రీము, ఫ్రెష్ క్రీము, కస్టర్డ్ ఉన్నవి బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటితే గంటే. ముట్టుకున్న చేతుల నుంచి చేరిన స్టెఫిలోకోకస్ అనే బాక్టీరియా విషం వేడి చేసినా పోదు. తిన్న కొన్ని గంటల్లో వాంతులు మొదలవుతాయి. షుగర్ మాత్రలు వాడేవాళ్లకు వాంతులు ఇంకా ప్రమాదం. అలా అయితే తర్వాతి డోసుకు ముందే డాక్టరుకు ఫోన్ చేయాలి.

తినాలనిపిస్తే, చెమటల సంగతి తేలి, మీ డాక్టరు సరేనన్నాక తినండి. పైన క్రీమంతా చెంచాతో గీసేయండి, పంచదారలో మూడింట రెండు వంతులు దాంతోనే పోతుంది. మిగిలిందాంట్లో సగం, మధ్యాహ్నం భోజనం చివర, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించుకుని తినండి. ఖాళీ కడుపున సాయంత్రం టీతో వద్దు. అదనపు మాత్ర ఎలాగూ లేదు.

ఈ వారంలోనే మీకు మందులు రాసే డాక్టరును కలవండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు వడకట్టే వేగం), థైరాయిడ్, ఈసీజీ ఆయన అవసరాన్ని బట్టి చూస్తారు. కేక్ తిన్న రాత్రులు, తినని రాత్రులు రెండింటిలోనూ ఒకటి రెండుసార్లు తెల్లవారుజాము 3 గంటలకు చూసిన రీడింగులు రాసుకుని తీసుకెళ్లండి. తినని రోజూ తక్కువ వస్తే అసలు డోసే తగ్గించాల్సి రావచ్చు. చీటీలతో పాటు ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ, పాత డాక్టరు రాసినవీ సగం వాడేసినవీ సహా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.