ఓడిపోతాడని తెలిసీ ఆడొచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మంచి ఉద్యోగం ఉంది. ఏడెనిమిదేళ్లుగా పోకర్ ఆడుతున్నాను. సరదాగానే మొదలుపెట్టినా తర్వాత పుస్తకాలు చదివి, లెక్కలు నేర్చుకుని, ఇప్పుడు బాగానే ఆడతాను. వారానికోసారి ఆరేడుగురం ఒకరింట్లో కూర్చుంటాం. ఏడాది మొత్తం మీద చూస్తే నేను లాభంలోనే ఉంటాను. ఆ లాభంలో సగానికి పైగా ఒక్క మనిషి దగ్గర్నుంచే వస్తోంది. ఆయన నా పాత ఆఫీసులో సీనియర్. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ‘అన్నా’ అని పిలుస్తాను. ఆయనకి ఆట రాదు, వచ్చనుకుంటారు. ఎలాంటి ముక్కలు పడినా వదలరు. ఎప్పుడైనా అదృష్టం కలిసొచ్చి గెలిస్తే అందరం ‘భలే ఆడారన్నా’ అంటాం. అర్ధరాత్రి దాటాక ఇంటి నుంచి ఫోన్ వస్తే, దాన్ని టేబుల్ మీద బోర్లా పెట్టి ‘తమ్ముడూ, ఇంకొక్క గంట’ అంటారు. ఆ గంటలోనే ఎక్కువ పోతుంది. ఈమధ్య అప్పు తెచ్చి ఆడుతున్నారేమోనని నా అనుమానం. ఈ మాట మా ఆవిడతో అంటే, ‘అయితే ఆ డబ్బు మనింట్లో ఖర్చు పెట్టకండి’ అంది. నేను మోసం చెయ్యలేదు. ముక్కలు దాచలేదు. నేను గెలవకపోతే ఇంకొకరు గెలుస్తారు. ఇందులో నా తప్పేముంది?

– పేరు వద్దు

జవాబు: మీరు మోసం చెయ్యలేదంటే నమ్ముతాను. ముందు అది ఒప్పుకునే మొదలుపెడతాను, ఎందుకంటే పేకాట అనగానే గెలిచినవాడిదీ ఓడినవాడిదీ ఒకే పాపమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. తెలిసి ఆడే నలుగురు పెద్దవాళ్లు, పోయినా ఇబ్బంది లేని డబ్బు పెట్టుకుని, ఒక సాయంత్రం కూర్చుంటే అందులో బాగా ఆడేవాడు గెలుస్తాడు. చేతిలో ఏమీ లేకుండా ఉన్నట్టు నటించడం కూడా ఆ ఆటలో భాగమే. అలా చేస్తారని అందరికీ తెలుసు కాబట్టి అది అబద్ధం కిందికి రాదు. ఓడిపోతానని తెలిసి, నవ్వుతూ వచ్చి, నవ్వుతూ వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లని చూసి జాలిపడటం ఒక రకంగా వాళ్లని చిన్నపిల్లల కింద జమకట్టడమే.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది మీరు గెలిచిన సంగతి కాదు. ‘భలే ఆడారన్నా’ అన్న మాట.

దాని గురించి చెప్పాలంటే కాస్త మీ ఆటలోకే రావాలి. నాకు పోకర్ అంతగా రాదు. కానీ చదరంగానికీ దీనికీ ఉన్న తేడా మాత్రం తెలుసు. చదరంగంలో నేను మంచి ఆటగాడితో కూర్చుంటే పది ఆటలకి పదీ ఓడిపోతాను, మర్యాదగా లేచి వచ్చేస్తాను. నాకు రాదన్న విషయం ఆ బోర్డే చెబుతుంది. పోకర్ అలా చెప్పదు. చేతిలో రెండు ఆసులు పడ్డాయంటే అంతకు మించిన ఆరంభం లేదు కదా. అయినా ఎదుటివాడు ముక్కలు చూసుకోకుండానే చివరిదాకా వచ్చాడనుకోండి, ఆసులవాడు గెలిచేది వందలో సుమారు 85 సార్లే. మిగతా పదిహేను సార్లు ఏమీ తెలియనివాడిదే డబ్బు. ఆ పదిహేనూ మనసులో ఉండిపోతాయి. ఎనభై అయిదూ ‘ఇవాళ బాగోలేదు’ కింద కొట్టుకుపోతాయి.

2017లో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ నలుగురు ఉద్దండులతో పోకర్ ఆడి గెలిచింది. ఆ గెలుపు అదృష్టం కాదని నిలబెట్టడానికి ఇరవై రోజుల పాటు లక్షా ఇరవై వేల పంపకాలు ఆడించారు. ఎవరు గొప్పో తేలడానికి అన్ని కావాలి. మీ అన్నగారు ఒక రాత్రిలో, రెండు మూడు మంచి పంపకాలు చూసి, తనకి ఆట వచ్చని తేల్చుకుంటున్నారు. ఆయన తెలివితక్కువవారని అనుకోకండి. మనలో చాలామందిమి అలాగే తేల్చుకుంటాం.

అంటే ఆయనకి నిజం చెప్పాల్సిన పని ఆట చెయ్యడం లేదు. ఇక చెప్పగలిగేది పక్కన కూర్చున్న మనుషులే. మీరందరూ కలిసి ఆ నిజానికి విరుద్ధంగా చెబుతున్నారు. చెత్త ముక్కలతో ఆయన గెలిచినప్పుడు మీరు మెచ్చుకునేది, ఆయన మళ్లీ అలాగే ఆడాలనే కదా! బాగా ఆడేవాళ్లు బలహీనుడి తప్పు ఎత్తిచూపకూడదని, చూపిస్తే భయపడి మానేస్తాడని అనుకుంటారట. వ్యాపారం లెక్కన చూస్తే తెలివైన పనే. కానీ మీరు ఆయన్ని అన్నా అంటున్నారు. ముక్కలు దాచలేదు సరే, దాచింది ఇంకోటి ఉంది. ఆ ‘భలే’ అన్న క్షణంలో మీ పెదాల మీద నవ్వూ, కళ్లలో లెక్కా రెండూ ఉన్నాయని మీకు తెలుసు. తెలియకపోతే ఉత్తరంలో ఆ మాట రాసేవారే కాదు.

ఇక ‘నేను కాకపోతే ఇంకొకరు’ అన్న మాట. ఇంకొకరు గెలవొచ్చు, నిజమే. మీరు మానేస్తే ఆయన బాగుపడతారని నేను అనను. ఇంకో ఇంటికి వెళ్లొచ్చు, ఒంటరిగా ఫోన్‌లో ఆడుకోవచ్చు. అది ఇంకా ప్రమాదం కూడా. అయితే ఆ ఇంకొకరికి ఆయన ఎవరో తెలియదు. బోర్లా పెట్టిన ఆ ఫోన్‌లో ఎవరు పిలుస్తున్నారో తెలియదు. మీకు తెలుసు. ఆయన ఇంట్లోవాళ్లని మీరు చూసే ఉంటారు. తెలిసినవాడు చేసే పనికీ తెలియనివాడు చేసే పనికీ ఒకటే తూకం వెయ్యలేం.

ఆ ఫోన్ దగ్గరే ఇంకాస్త ఆగుదాం. సాయంత్రం వచ్చి కూర్చున్న మనిషీ, అర్ధరాత్రి ‘ఇంకొక్క గంట’ అంటున్న మనిషీ ఒకరే అనుకుంటున్నారు మీరు. సాయంత్రం వచ్చినాయన ఇష్టపడి వచ్చారు. ఆయనతో ఆడటం గురించి నాకు పేచీ లేదు. రెండో ఆయన లేవలేక కూర్చున్నారు. నష్టంలో ఉన్న మనిషి మామూలుగా ముట్టుకోని పందేలకి కూడా సిద్ధపడతాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. పోయినదాన్ని పోయిందని మనసు ఒప్పుకునేదాకా అది అంతే. పోయింది రాబట్టుకోవాలన్న ఆ ఆరాటంలో మనిషి చేతిలో ముక్కలు చూడడు, గడియారం చూడడు, ఎవరితో ఆడుతున్నాడో చూడడు. మీరు మాత్రం అన్నీ చూస్తున్నారు. ‘ఆ గంటలోనే ఎక్కువ పోతుంది’ అని రాసింది మీరే.

అదీ నా లెక్క ప్రకారం గీత. ఎదుటివాడికి ఆట రాకపోవడం కాదు గీత, అతను లేవగలడా లేదా అన్నది. లేవగలిగినవాడి దగ్గర గెలిచింది గెలుపు. లేవలేనివాడి దగ్గర గెలిచినదాన్ని ఏమనాలో మీ ఆవిడ ఇప్పటికే చెప్పారు.

నలుడి కథ గుర్తుందా? సోదరుడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు, కట్టుబట్టలతో అడవి పట్టాడు. తర్వాత ఋతుపర్ణుడి దగ్గర పాచికల మర్మం నేర్చుకుని తిరిగొచ్చి, మళ్లీ ఆడి గెలిచాడు. పోయినదంతా వెనక్కి వచ్చింది, ఎదురుగా ఓడి కూర్చున్నవాడు పుష్కరుడు. ఇప్పుడు నలుడికి ఆట వచ్చు, అతనికి రాదు. పగ తీర్చుకునే హక్కు కూడా ఉంది. అయినా అతని భాగం అతనికి ఇచ్చి, సోదరుడిగానే చూసి పంపేశాడు. ఈ కథని భారతంలో బృహదశ్వుడు చెప్పింది ఎవరికనుకున్నారు? జూదంలో సర్వం పోగొట్టుకుని అడవిలో ఉన్న ధర్మరాజుకే. చెప్పి ఊరుకోలేదు, ఆ పాచికల విద్య కూడా నేర్పాడు. ఆట రావడాన్ని ఆ కథ తప్పు పట్టలేదు. వచ్చినవాడు ఎక్కడ ఆగాడన్నది చూపించింది, అంతే.

ఇప్పుడు ఏం చెయ్యాలంటే.

గెలిచిన డబ్బు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టకండి. మీ మనసు తేలికపడుతుందేమో గానీ, అది రేపటి ఆటకి పెట్టుబడి అవుతుంది. పైగా ఆయన పరువు తీసినట్టవుతుంది. అప్పు అడిగినా ఇవ్వకండి. ఆట మధ్యలో అయితే అసలే వద్దు.

ఆయనతో మాట్లాడండి. టేబుల్ దగ్గర వద్దు, నలుగురిలో వద్దు, ఓడిపోయిన రాత్రి వద్దు. పగటిపూట, ఇద్దరే, నడుస్తూ అయితే ఇంకా మంచిది. పక్కపక్కన నడిచేటప్పుడు ముఖాముఖి చూసుకోనక్కర్లేదు, కష్టమైన మాటలు సులువుగా వస్తాయి. నేనైతే ఇలా అంటాను: ‘అన్నా, ఇన్నాళ్లూ మీరు గెలిచినప్పుడల్లా భలే ఆడారన్నాను. అది నిజం కాదు. మీ ఆటలో నాకు లాభం ఉంది కాబట్టి అన్నాను. ఇక అనలేను.’ మీ తప్పుతో మొదలుపెడితే ఆయన వినడానికి కొంచెం చోటు ఉంటుంది. ‘మీకు ఆట రాదు’ అని మొదలుపెడితే, వచ్చే వారం అది నిరూపించడానికే వస్తారు.

అప్పు సంగతి ఊహించి అనకండి, అడగండి. ‘ఆట కోసం ఎక్కడైనా తెచ్చారా అన్నా?’ అంటే చాలు. వెంటనే చెప్పకపోవచ్చు.

ఆయనకి జూదవ్యసనం ఉందని నేను ఉత్తరం చూసి తేల్చను, మీరూ తేల్చకండి. అయితే అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 అనే మానసిక రుగ్మతల వర్గీకరణ పుస్తకం దీన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. దానికి తొమ్మిది లక్షణాలు రాసింది. ఒక ఏడాదిలో వాటిలో నాలుగు కనిపిస్తే జూదవ్యసనంగా లెక్కిస్తారు. పోయింది రాబట్టుకోవడానికి మళ్లీ రావడం, ఎంత ఆడుతున్నదీ దాచడం, డబ్బుకి ఇతరుల మీద ఆధారపడటం, ఆపాలనుకుని ఆపలేకపోవడం ఆ తొమ్మిదిలోవే. ఒకటి రెండు మీ ఉత్తరంలోనే ఉన్నాయేమో అనిపించింది. బుద్ధి చెబితే తగ్గే విషయం కాదిది. మానసిక వైద్యులు, సైకాలజిస్టులు దీనికి చికిత్స చేస్తారు, ఉపయోగం ఉంటుంది. 1957లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన గ్యాంబ్లర్స్ అనానిమస్ బృందాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. అక్కడ మాట్లాడేదీ వినేదీ జూదం దెబ్బ తిన్నవాళ్లే. ఒక్క మాట గట్టిగా చెబుతాను: అప్పుల ఒత్తిడిలో ఆయన నోటి వెంట చావు మాట వస్తే, తమాషాగా వచ్చినా సరే, ఆయన్ని ఒంటరిగా వదలకండి. అప్పుడు రహస్యం, పరువు అన్నీ పక్కనపెట్టి వెంటనే ఇంట్లోవాళ్లకి చెప్పండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మీ వారం ఆట సంగతి. ఇన్ని గంటలకి ఆపెయ్యాలి, చిప్స్ (డబ్బుకి బదులు పందెం కాసే బిళ్లలు) అయిపోతే ఒక్కసారికి మించి మళ్లీ కొనకూడదు, అప్పు పెట్టి ఆడేది లేదు అని మొదలుపెట్టక ముందే అనుకోండి. అది ఆయన ఒక్కరి కోసం పెట్టినట్టు కాకుండా అందరికీ పెట్టండి. మిగతావాళ్లు ఒప్పుకోరని ముందే అనుకోకండి. వాళ్లలో ఒకరిద్దరు ఎవరైనా ఈ మాట ఎత్తితే బాగుండునని చూస్తూ ఉండొచ్చు. ఒప్పుకోకపోతే మీరు లేచి వచ్చేయండి. కష్టమే, తెలుసు.

ఇంకో ప్రశ్న. దీనికి నాకు జవాబు రాయక్కర్లేదు. ఆ అన్నగారు రేపటి నుంచి రాకపోతే మీరు ఆ టేబుల్‌కి వెళ్తారా? మీ లాభంలో సగానికి పైగా పోతుంది. మిగిలినవాళ్లు మీ స్థాయివాళ్లే. అయినా వెళ్లాలనిపిస్తే, మీకు ఇష్టమైంది ఆట. అనిపించకపోతే మీరిన్నాళ్లూ ఆట కోసం వెళ్లడం లేదు. అది తెలుసుకోవడం కొంచెం చేదుగానే ఉంటుంది.

మీ ఆవిడ మాటని పట్టింపుగా తీసుకోకండి. ఆమె మిమ్మల్ని దొంగ అనలేదు. అర్ధరాత్రి దాటాక ఫోన్ చేసి ఎదురుచూసే ఆడమనిషి ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోగలిగింది, అంతే. ఆ డబ్బు ఏం చెయ్యాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. కొంత పక్కన పెట్టి, ఆయన చికిత్సకో అప్పు తీర్చడానికో అవసరపడితే, ఆయన ఇంటివాళ్లకి తెలిసేలా వాడొచ్చు. అది ఇప్పుడే ఆయనతో అనకండి.

ముందు మాట్లాడండి. ఆయన కోపగించుకుని రెండు మూడు వారాలు మీ ఫోన్ ఎత్తకపోవచ్చు. అలా జరిగితే ఆయన ఇంకెక్కడ ఆడుతున్నారో కనుక్కుని నాకు మళ్లీ రాయండి. అప్పుడు ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడాలో చూద్దాం.