గుహల దారిలో దొరికిన రాయి

ప్రశ్న: నెలకో ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాళ్లం తిరువళ్లూరు జిల్లా గుడియం గుహల దారిలో ప్లాస్టిక్ ఏరుతున్నాం. పోయినసారి మావాడు అరచేయంత రాయి తెచ్చాడు. రాతియుగం మనుషులు చేత్తో పట్టుకుని వాడిన చేతిగొడ్డలట! ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: మీరు చేస్తున్న పనికి చాలా సంతోషమమ్మా. బాబుని తిట్టకండి. నేనూ మొదటిసారి వెళ్లినప్పుడు ఒకటి సంచిలో వేసుకోబోయి ఆగాను. ఆ రాయిని వెలుగులో తిప్పి చూడండి. రెండువైపులా, గడ్డపెరుగులో చెంచా ముంచి తీసినట్టు, లోతులేని గుంటలుండి ఒక కొస సన్నబడితే అది మనిషి చెక్కిందే కావచ్చు. 1863లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి చెన్నై దగ్గరి పల్లావరంలో దొరికింది అలాంటిదే. గుడియం దగ్గర్లోని అత్తిరంపాక్కంలో అలాంటి పనిముట్లు పది లక్షల ఏళ్లకు పైబడినవి ఉన్నాయి.

కానీ రాయి కన్నా అది పడి ఉన్న చోటే ముఖ్యం. ఏ మట్టి పొరలో, వేటి పక్కన ఉందో దాన్నిబట్టే వయసు తేలుస్తారు. అందుకే ఎక్కడ తీశాడో బాబు చేతే గీయించి, రాయితో పాటు ఎగ్మూరు మ్యూజియంలో చూపించండి. ఫుట్ సేకరించినవీ అక్కడే ఉన్నాయి, బాబు చూస్తాడు.

ఇకముందు ఫొటో తీసి అక్కడే వదిలేయండి. దారి చదును చేద్దామని పార వేయకండి, వాన కోసిన గట్లలోనే ఇవి బయటపడతాయి. గుహ గోడల్లో గులకరాళ్లు గుత్తులుగా అతుక్కుని ఉంటాయి చూశారుగా, వాటిమీద పెయింటుతో బాణం గుర్తులు అసలే వద్దు. కర్ర పాతి బోర్డు కట్టాలన్నా ముందు అటవీ శాఖని అడగండి.